నాన్న స్పీకర్లలో గుంట

గ్రాఫు అబద్ధం చెప్పదని ఎవడన్నాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ! అది చెప్పేది నిజమే కావచ్చు. ఏ నిజమో మన బుర్రకెక్కి చావొద్దూ?

నాన్న పోయిన నెలకి, ఆయన తన చేత్తో చేసిన ఆఖరి స్పీకర్ల జతని కొన్నవాళ్ళకి అప్పగించే ముందు, కొడుకు మళ్ళీ ఒకసారి కొలిచాడు. అడుగు గొంతు నుంచి కీచు గొంతు దాకా అన్ని స్వరాలూ వరసగా మోగిస్తే, మైకుకి ఏది ఎంత గట్టిగా అందిందో కంప్యూటరు గీత గీసి చూపిస్తుంది. గీత సాఫీగా ఉంటే స్పీకరు ఏ స్వరాన్నీ మింగడం లేదని లెక్క. నాన్న ఉండగా తీసిన గీత నున్నగా ఉంది. ఇవాళ్టి గీతలో నడిమధ్య పెద్ద గుంట పడింది. రెండో స్పీకరూ అంతే.

"చివర్లో చూపు ఆనలేదు. లోపల ఏదో తప్పు ముక్క వేశాడు," అన్నాడు కొడుకు. "పరువు పోతుందని గ్రాఫు దిద్ది పెట్టాడు."

భార్యకి ఒళ్ళు మండింది. "మామయ్యగారు దొంగ లెక్కలు రాసే మనిషా? ఏమండోయ్ గీతల దొరగారూ, గదిలో ఏమన్నా మారిందేమో చూడరాదూ?"

"గది అదే, మైకు అదే, నేల మీద టేపు గుర్తులూ అవే. నాకు చెప్పొచ్చావా!"

మొండివాడు రాజుకన్నా బలవంతుడు కదా, ఎవరి మాట వింటాడు? పెట్టెలు రెండూ విప్పాడు. నాన్న సోల్డరు వేసిన అతుకులన్నీ పటకారుతో కత్తిరించి, తీగచుట్టలు పెరికి కింద పడేశాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని కొత్తవి బిగించాడు. మళ్ళీ కొలిస్తే గుంట ఎక్కడిదక్కడే ఉంది.

తల పట్టుకున్నాడు. భార్య కాఫీ తెచ్చిచ్చి, కాళ్ళు లాగుతున్నాయంటూ గోడవార చెక్కబల్ల మీద కూలబడింది. కడుపుమంట కొద్దీ మళ్ళీ మీట నొక్కాడు.

గీత నున్నగా వచ్చింది.

"లే!" అన్నాడు. లేచింది. గుంట పడింది. "కూర్చో!" కూర్చుంది. గుంట పూడింది.

ఉత్తగోడకి తగిలిన చప్పుడు వెనక్కొచ్చి మైకు దగ్గర అసలు చప్పుడుని కొట్టేస్తోంది. అక్కడ మనిషి కూర్చుంటే ఆ చప్పుడు ఒంట్లోనే ఇంకిపోతోంది. ఇన్నేళ్ళూ ఆ బల్ల మీద కూర్చున్నది నాన్నే. కొలిచిన ప్రతిసారీ గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి అక్కడే ఉండేవాడు. స్పీకర్లలో ఏ లోపమూ లేదు. గదిలో నాన్న లేడు, అంతే.

అయ్యో, ఎంత పని చేశాడు! నేల మీద పాకుతూ తీగముక్కలన్నీ ఏరుకున్నాడు. ఒకదాని కొస ఇంకోదానికి ఆనించి చూశాడు.

"పోయినాయన్ని పట్టుకుని దొంగని చేశానే!"

"ఊరుకోండి. మళ్ళీ అతికిద్దురు గానీ," అంది భార్య, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

"నేనతికితే అది నా అతుకవుతుందే, నాన్నది కాదు," అని చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.