దోర్కా చేతివేడి

పొద్దున్నే కృపారావుకి స్నానానికి వేణ్ణీళ్ళు కావాలి. డిసెంబరులో ఖరగ్‌పూర్ కొళాయి నీళ్ళు ఒళ్ళు కొరికేస్తాయి. రైల్వే వర్క్‌షాపు సైరన్ కూసేలోగా తయారవ్వాలి. అందుకని లేవగానే పెళ్ళాన్ని ఏదో ఒకటి అంటాడు.

"ఏటే, రాత్రి పప్పులో అంత ఉప్పేసినావు? మీ పుట్టింటోళ్ళు బస్తా పంపినారేటి?"

దోర్కా పళ్ళు బిగించి బకెట్లో రెండు చేతులూ ముంచుతుంది. కాసేపటికి నీళ్ళమీద ఆవిరి లేస్తుంది. కృపారావు తువ్వాలు భుజాన వేసుకుని, "సాల్సాలు, మరీ మరగబెట్టకు" అంటూ బకెట్ పట్టుకుపోతాడు.

కోపమొస్తే కొందరికి ముక్కు ఎర్రబడుతుంది, కొందరికి కళ్ళనీళ్ళొస్తాయి. దోర్కాకి అరచేతులు కాలుతాయి. కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు సూసన్న ఈ సంగతి కనిపెట్టి, కిరసనాయిలు ఆదా అవుతుందని సంతోషించింది. వానాకాలం పక్క క్వార్టర్ అప్పలనర్సమ్మ మొగుడి యూనిఫారం తడితడిగా పట్టుకొస్తుంది. ఆవిడ మర్యాద తెలిసిన మనిషి, ఊరికే పని చెప్పదు. ముందు గుమ్మంలో నిలబడి, "ఏటి దోర్కమ్మా, మీ తబిత ఇంకా ఆ బేకరీలో డబ్బాలే కడతన్నాదా?" అని అడుగుతుంది. ఆ తరవాత దోర్కా ఒక్కసారి చొక్కామీద చెయ్యి రాస్తే చాలు, మడత పెట్టుకుని వెళ్ళిపోవచ్చు.

ఆ చేతుల మీద కాలనీలో సగం పనులు జరిగిపోయాయి. కానీ అసలు ఆ మనిషికి కోపమెందుకొచ్చిందని ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఎందుకడుగుతారు? కారణం కనుక్కుని తీర్చేస్తే నీళ్ళు చల్లారిపోవూ!

ఇలాంటి చేతులున్న మనిషి చాక్లెట్ పెకన్ పై అనే తీపి వంటకం చెయ్యడం నేర్చుకుంది.

లాక్‌డౌన్‌లో కూతురు తబిత ఫోన్లో చూపించింది. మైదాపిండితో పల్చటి గిన్నెలాంటి పెంకు చేసి, దాన్నిండా చాక్లెట్ పాకం పోసి, పెకన్ పప్పులు కలిపి కాల్చాలి. ఇది చాలా తేలిక, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు అని ఫోన్లో ఆవిడెవరో నవ్వుతూ చెప్పింది. తేలికే, ఇంట్లో ఎవరూ నోరు విప్పకుండా ఉంటే. పిండిలో చల్లటి వెన్న ముక్కలు వేసి వేళ్ళతో నలపాలి. వెన్న కరక్కూడదు, కరిగితే పెంకు గుల్లబారదు. అంటే దోర్కాకి కోపం రాకూడదు. అందుకని ఆవిడ తెల్లవారకముందే, ఇంకా ఎవరూ ఏమీ అనకముందే లేచి పిండి కలిపేది. విదేశీ సిరప్పు బదులు చలికాలంలో కుండల్లో వచ్చే ఖర్జూరపు బెల్లం పాకం, ఆ ఝోలా గుడ్, పోసేది. పెకన్లు గోల్‌బజార్‌లో దొరకవు. తబిత ఫోన్లో ఆర్డర్ పెట్టి తెప్పించేది. ఆ పాకం వాసనా, చాక్లెట్ చేదూ, మధ్యలో కరకరలాడే పప్పూ, తిన్నవాళ్ళు మాట మధ్యలో ఆపేసేవారు.

ఇంట్లో ఓవెన్ లేదు. క్రిస్మస్ ముందు అందరూ కేకు పిండి టిన్నుల్లో పోసుకుని గోల్‌బజార్ బేకరీ భట్టీకి పట్టుకెళ్ళినట్టే దోర్కా కూడా పట్టుకెళ్ళేది. అక్కడ ఒకరి టిన్ను ఇంకొకరికి పోకుండా టిన్ను అడుగున పేరుండాలి. పిండి ఎవరు కలిపినా సరే, పేరు మాత్రం ఆ వంశంలో పెద్దావిడది. అది అక్కడి పద్ధతి. సూసన్న పోయాక పెద్దావిడ ఎవరు? కృపారావు అప్ప, అంటే వాళ్ళక్క, తాల్‌బగీచాలో ఉండే ఎమిలీ. కృపారావే రేకు కత్తిరించి టిన్నులు చేశాడు. వర్క్‌షాపులో ఇనుము మీద నంబర్లూ అక్షరాలూ కొట్టే అచ్చులతో ఒక్కో టిన్ను అడుగునా ఎమిలీ అని ఇంగ్లీషు అక్షరాలు దిగ్గొట్టాడు. అతను కొడుతుంటే టిన్ను కదలకుండా పట్టుకున్నది ఎవరనుకున్నారు? దోర్కానే!

రేకులో దిగిన అక్షరాలు పెంకు మీద కూడా పడేవి. చర్చిలో ముక్కలు పంచితే పిల్లలు ముందు తిరగేసి చూసేవాళ్ళు. ఎవరి ముక్క అడుగున ఏ అక్షరం వచ్చిందో చూసుకుని తినేవాళ్ళు. అలా అది ఎమిలీ పై అయిపోయింది.

మొదటి ఏడు ఎవరైనా మెచ్చుకుంటే ఎమిలీ, "అయ్యో, మా మరదలే సేసింది" అనేది. మరుసటి ఏడు, "మా మరదలు కూడా సాయం సేసింది" అంది. మూడో ఏడు మరదలు గిన్నెలు కడిగిందట. తరవాత ఆ మాటల్లో మరదలన్నదే లేదు.

దోర్కా ఇదంతా దిగమింగుకుంది. ఆ ఏడు చలికాలం ఇంట్లో గ్యాసు సిలిండర్ ఎంతకీ అయిపోలేదు.

ఈసారి మాత్రం సంగతి వేరు. పూరీ గేట్ దగ్గర రోడ్డు వైపు తలుపున్న చర్చి గది ఒకటి ఖాళీ అయింది. సంఘంలో ఎవరైనా ఆడమనిషికి బేకరీ పెట్టుకోవడానికి ఇస్తామని పాస్టరు అయ్యగారు ప్రకటించారు. తబిత ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఎవరి బేకరీలోనో డబ్బాలు కట్టే పిల్ల, ఆ గదిలో బల్ల ఎక్కడెయ్యాలో, అద్దాల బీరువా ఎక్కడ పెట్టాలో తల్లికి చెప్తూనే ఉంది.

శనివారం ఎమిలీ వచ్చింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి అటకమీంచి టిన్నులన్నీ దింపి సంచీలో వేసుకుంది.

"వదినా, అవెందుకు?" అంది దోర్కా.

"గదికి నేనూ అడిగినాను కదే. రేపు మీటింగులో సూపించాల. నా పేరున్నవి నా దగ్గరుంటేనే బాగుంటాది."

"పేరు నీదే. సేసినది నేను కదా వదినా!"

"ఇంట్లోవోళ్ళం, నీదేటి, నాదేటి? మా పిల్లోడు జెర్రీ ఖాళీగా ఉన్నాడు, ఆడికో దారి సూపించాల. తబితకేటి, ఆడపిల్ల, అక్కడే పనిలో ఎట్టుకుంటానులే."

దోర్కా మొగుడి వైపు చూసింది. కృపారావు కిటికీలోంచి బయటికి చూశాడు, అక్కడ చూడ్డానికేమీ లేకపోయినా. ఎమిలీ వెళ్ళాక మాత్రం నోరు పెగిలింది.

"అప్పతో నేనేటి మాటాడతానే? ఇంటి పరువు. ఒగ్గేయ్."

దోర్కా చేతిలో ఉన్న ప్లాస్టిక్ మగ్గు వంగిపోయింది.

ఆదివారం తెల్లవారుతుండగా కృపారావు లేచి నోరు తెరవబోయాడు. దోర్కా పిండిలోంచి చెయ్యి తియ్యకుండానే, "ఇయ్యాల ఏటీ అనకు. సన్నీళ్ళే పోసుకో" అంది. పిండి చక్కగా కుదిరింది. టిన్ను లేదు కనక ఎత్తు అంచున్న అత్తగారి స్టీలు కంచంలో పెంకు పరిచింది. పాకంలో గుడ్లు గిలక్కొట్టి, కరిగిన చాక్లెట్ పోసి, పెకన్లు కలిపింది. తల్లీ కూతుళ్ళు కంచం మీద గుడ్డ కప్పి ఆటోలో గోల్‌బజార్ వెళ్ళారు.

భట్టీ అతను కంచం తిరగేసినంత పని చేసి తల అడ్డంగా ఊపాడు. "నామ్ నహీ హై దీదీ. ఇంత రద్దీలో పేరులేని సామాను తీసుకోను. గోల్‌మాల్ అయిపోతుంది."

"ఇది నాది. దోర్కాది. నేనిక్కడే నిలబడతాను."

"దోర్కా ఎవరు? మీ ఇంటి టిన్నుల మీద పేరు ఎమిలీ కదా!"

ఎంత మాటన్నాడు! అదీ మర్యాదగా, నవ్వుతూ. తబితకి ఏడుపొచ్చింది. దోర్కా కంచం తీసుకుని ఆటో ఎక్కింది. పచ్చి పై ఒళ్ళో పెట్టుకుని చర్చి చివరి బెంచీలో కూర్చుంది.

ఆరాధన అయ్యాక మీటింగు మొదలైంది. ముందు బల్ల దగ్గర అయ్యగారు, పక్కన సంఘ పెద్ద జాకబ్‌గారు. ఎమిలీ లేచి ఖాళీ టిన్ను పైకెత్తి, తిరగేసి పట్టుకుంది.

"అందరూ తిన్నారు, అందరికీ తెలుసు. ఇదిగో పేరు. ఇంతకన్నా రుజువేటి కావాల?"

దోర్కా రెండు అరచేతులూ కంచం కిందికి పోయాయి.

ఎమిలీ ఎంతో కష్టపడి ఆ వంట కనిపెట్టానని చెప్పింది. పొద్దున్నే లేచి పిండి కలిపేదాన్నని చెప్పింది. కంచం అంచుల దగ్గర పెంకు రంగు మారింది. "పెకన్ అంటే ఏటో కాదండీ, మన అఖ్రోటే" అని వాల్‌నట్ పేరు చెప్పింది ఎమిలీ. ఒక్కసారిగా గుడ్డ కిందనుంచి పొగ లేచింది.

"అమ్మా, మాడిపోతాది, తగ్గించు" అని తబిత గుసగుసలాడింది.

నీళ్ళు కాగడానికి భగ్గుమంటే చాలు. ఇస్త్రీకి ఒక్క క్షణం చాలు. కానీ పై లోపలిదాకా కాలాలంటే మంట నిలకడగా ఉండాలి. దోర్కాకి అది అలవాటు లేదు. ఇన్నాళ్ళూ ఆమె కోపాన్ని ఎవరో వెలిగించారు, వాళ్ళ పనయ్యాక ఆర్పేశారు. ఇప్పుడు తనే పట్టుకోవాలి. నెమ్మదిగా ఊపిరి తీసుకుని, ఒక్కో ఏడూ గుర్తుచేసుకుంది. సాయం చేసిన మరదలు. గిన్నెలు కడిగిన మరదలు. మంట సర్దుకుంది.

అంతలో ఎమిలీ ఏడ్చింది. అది మాత్రం నాటకం కాదు. జెర్రీ రోజంతా మంచం దిగడం లేదనీ, వాడినేం చెయ్యాలో తోచడం లేదనీ చెప్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దోర్కా మనసు కరిగింది. చేతులు చల్లబడ్డాయి. తబిత గుడ్డ ఎత్తి చూసి కంగారుపడింది. అంచులు కాలాయి, నడిమి భాగం ఇంకా తొణుకుతోంది.

అప్పుడు అయ్యగారు ఎంతో ప్రేమగా వెనక బెంచీ వైపు తిరిగారు.

"దోర్కమ్మా, నువ్వు ఓర్పుగల మనిషివి. ఆవిడ పెద్దది, విడిచిపెట్టమ్మా. నీకు దేవుడు ఇంటికి పనికొచ్చే చేతులిచ్చాడు. అది చాలదా?"

చాలదు.

ఆ వేడి ఎగసిపడలేదు. నిండుగా, సమంగా, మోచేతుల నుంచి వేలికొసల దాకా వచ్చి అక్కడే నిలబడింది. పాకం గట్టిపడింది. వెన్నా, చాక్లెట్టూ, ఖర్జూరపు బెల్లమూ కలిసి వాసన బెంచీల మీదుగా ముందుకు నడిచింది. అయ్యగారు చెప్తున్న వాక్యం మధ్యలో ఆగిపోయారు.

దోర్కా లేచి కంచాన్ని బల్లమీద పెట్టింది.

"సల్లారాక కొయ్యండి" అంది.

చల్లారేదాకా ఎవరూ కదల్లేదు. పూరీ గేట్ మీదుగా గూడ్సు బండి ఒకటి సాగదీసుకుంటూ వెళ్ళిపోయింది. జాకబ్‌గారు ముక్క కోసి, అలవాటు కొద్దీ తిరగేసి చూశారు. అక్షరాల్లేవు. అరచేతి గీత ఒకటి ఎర్రగా, కరకరగా కాలి ఉంది. ఇంకో ముక్కకి బొటనవేలు వచ్చింది. ఆయన తిని, "బాగా కాలినాది" అన్నారు.

"ఆ కంచం మా అమ్మది" అంది ఎమిలీ.

"తీసుకెళ్ళమ్మా, కడిగి ఇస్తారు" అన్నారు జాకబ్‌గారు. తరవాత దోర్కా వైపు చూశారు. "ఏటైనాది దోర్కమ్మా? ఎందుకింత కోపమొచ్చినాది?"

ఆ ప్రశ్న దోర్కా ఎప్పుడూ వినలేదు.

"ఆ వంట నాది, జాకబ్‌గారూ" అంది. "మొదట్నుంచీ నాదే. పేరు కొడతంటే టిన్ను పట్టుకున్నాను, అది నా తప్పే. మీరందరూ నా కోపంతో నీళ్ళు కాసుకున్నారు, బట్టలు ఆరబెట్టుకున్నారు. నాకు మంటగా ఉంటాదని ఎవరికీ తోచనేదు. గది నా కూతురికి కావాల. జెర్రీ పనికొస్తానంటే రమ్మను, డబ్బాలు కడతాడు."

అప్పలనర్సమ్మ చర్చి మనిషి కాదు గనక అక్కడ లేదు. ఉంటే తల దించుకునేది. అక్కడున్నవాళ్ళు చాలామంది దించుకున్నారు. అయ్యగారు ఒక ముక్క తిని, ఇంకో ముక్క తీసుకుని, తాళంచెవి తబిత చేతిలో పెట్టారు.

సాయంత్రం కృపారావు ఇంట్లో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. చాలాసేపటికి టీ తాగాలనిపించింది. పాలగిన్నె తెచ్చి, ఎప్పటిలాగే దోర్కా చేతుల్లో పెట్టాడు. ఏదో ఒకటి అనాలి కనక, "అందరి ముందూ అప్ప పరువు తీసినావు" అన్నాడు.

పాలు కదల్లేదు. మీగడ చల్లగా అలాగే ఉంది.

"ఏటే, కోపం రానేదా?"

"వచ్చినాది" అంది దోర్కా. "అది దుకాణానికి."

గిన్నె తిరిగి అతని చేతికిచ్చి, తబిత బల్ల కొలతలు చెప్తుంటే వినడానికి వెళ్ళింది. కృపారావు పాలు పట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు. గ్యాసు అంటించే లైటర్ ఎక్కడుంటుందో అతనికి తెలియదు.