తాయారు పిడికిట్లో పిరమిడ్

ఒక ఉప్పుగల్లు తీసి బల్లమీద పెట్టి చూడండి. ఏం చూశారు? ఎన్ని ముఖాలు? నసగకుండా చెప్పండి! మూడా? అయితే మీరూ తాయారులాగే తప్పారు.

పదేళ్లుగా నౌపడ ఉప్పుమడుల్లో ఉప్పు లాగుతోంది తాయారు. పొద్దున్నే మడిలో దిగడం, ఎండ ముదిరేదాకా ఉప్పు గట్టుకి చేర్చడం, మధ్యాహ్నం పుస్తకం పట్టడం. అలాగే ప్రైవేటుగా ఎనిమిదో తరగతి గట్టెక్కింది. బాలవాడి పంతులమ్మ ఉద్యోగానికి పెట్టే పరీక్షే రెండుసార్లు తప్పింది. నల్లబల్ల మీద బొమ్మ గీసి ముఖాలెన్నంటే, పాపం, కంటికి కనబడ్డవే లెక్కపెట్టేది. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో మూడోసారి, ఆఖరిసారి. తప్పితే పుళ్లుపడ్డ పాదాలతో బతుకంతా మడిలోనే.

ఆమె పిడికిలి బిగిస్తే చెమట ఉప్పుగా గడ్డకట్టేది, ఏ ఆకారం పేరు చెబితే ఆ ఆకారంలో. కూర చప్పగా ఉంటే ఇరుగుపొరుగు వచ్చి చెయ్యి చాపమనేవారు. చదువుకున్నవాళ్ల ముందు మాత్రం సిగ్గుపడి కొంగుకి తుడిచేసుకునేది.

"ఒసే, ఈపాలి సెయ్యి తుడవకు," అంది పక్కమడి గున్నమ్మ.

"ఉప్పోళ్లమని నవ్వుతారప్పా."

"నవ్వనీ. ఆల నవ్వు నీకు కూడెడతాదేటి? కన్ను ముందరే సూస్తాది. సెయ్యయితే సుట్టూ సూస్తాది."

పరీక్షలో జానకిరామయ్య మేష్టారు బొమ్మ గీశారు. "ఇది పిరమిడ్. అడుగు చతురస్రం. ముఖాలెన్నమ్మా?"

తాయారుకి కనబడ్డవి రెండే. రెండన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. అరచెయ్యి చెమర్చింది. కొంగుకేసి పోతున్న చేతిని బలవంతాన ఆపి పిడికిలి బిగించింది. లోపల గట్టిపడింది. బొటనవేలితో తడిమింది. చుట్టూ నాలుగు వాలులు, కింద చదును.

"ఐదండి! నాలుగు త్రిభుజాలు, ఒక చతురస్రం. అంచులు ఎనిమిది."

"ఆ చేతిలో ఏమిటి?"

తాయారు వేళ్లు విప్పింది. తెల్లటి ఉప్పు పిరమిడ్.

మేష్టారు కళ్లజోడు సవరించుకుని, తిప్పితిప్పి లెక్కపెట్టారు. "సరిపోయింది. మా ఇంట్లో పెరుగన్నంలో ఉప్పు మరిచారు, ఇది ఇలా ఉండనీ," అని కాగితం మీద పాసని రాశారు.

గేటు దగ్గర గున్నమ్మని వాటేసుకుని తాయారు ఏడ్చింది, నవ్వింది. పదేళ్ల బరువు ఒక్కసారి దిగింది.

లోపల గుమస్తా ఒకడు "ఇది కాపీయే" అని గొణిగాడట. వాడి మొహం! పదేళ్లు ఉప్పునీట నానిన చెయ్యి సొంతంగా చెప్పిన జవాబు కాపీ ఎలా అవుతుందో, మీకేమైనా తెలుసా?