నిమిషం పాటు మావయ్య మొహం

ఫోన్ మోగేసరికి ఎర్గలి సినిమా కాలేజీ మెట్ల కింద నిలబడి, పెళ్ళాం గోధుమపిండితో వేయించి సంచిలో కట్టిచ్చిన బౌర్సాక్‌లు నములుతున్నాడు. మేనకోడలు బల్జాన్ లోపల తన వంతు కోసం కూర్చుని ఉంది. చదువుకోవచ్చో లేదో చూసి వద్దామని ఉష్తోబె నుంచి అల్మాటీకి కారులో వచ్చారు ఇద్దరూ. ఫోన్ చేసింది బల్జాన్ పెద్దనాన్న కల్మురాత్.

"పిల్ల పక్కనుందా?"

"లేదు, లోపలుంది."

"అయితే విను. దోసిమ్‌ఖాన్ పొద్దున ఆసుపత్రిలో పోయాడు."

దోసిమ్‌ఖాన్ అంటే బల్జాన్ తండ్రి. ఎర్గలికి బావ. నోట్లో ఉన్న ముద్ద మింగుడు పడలేదు, ఉమ్మడానికీ చేతకాలేదు.

"ఏడవకు. అక్కడ ఏడిస్తే పిల్ల పసిగడుతుంది," అన్నాడు కల్మురాత్. ఆయన గొంతు మాత్రం ఏం బాగుంది గనక. "నాన్న చూడాలంటున్నాడని చెప్పి తీసుకురా. అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పావో, ఊరుకోను. నువ్వు మేనమామవి. ఈ మాట నీ నోట రాకూడదు. మేం చెప్తాం, చెప్పాల్సిన పద్ధతిలో. రేపు పొద్దున్నే ఎత్తుతాం."

ఆ వైపు చావు కబురు ఇటుకరాయిలా కన్నబిడ్డల నెత్తిన పడెయ్యరు. తండ్రి తరఫు పెద్దలు వచ్చి కూర్చుంటారు. గద్ద ఎగిరిపోయిందంటారు, సరస్సు ఇంకిపోయిందంటారు, వినేవాళ్ళ గుండె కాస్త కుదుటపడిందనుకున్నాక అసలు మాట అంటారు. వాళ్ళకు ఫోన్లో చెప్పేవాణ్ణి మనిషిగా లెక్కెయ్యరు. ఎర్గలికి కూడా అందులో నమ్మకం ఉంది. అదే పద్ధతి ఈ పూట తన పీకకే చుట్టుకుంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మొహం కడుక్కుని లోపలికి వెళ్ళాడు. వసారా నిండా వైర్లు, దీపాలు, జుట్టుకు ఆకుపచ్చ రంగేసుకున్న పిల్లలు. పొద్దున వాళ్ళను చూసి, మేకల మందకు గుర్తు పెట్టినట్టున్నారే అని నవ్వాడు. ఇప్పుడు వాళ్ళెవరూ కంటికి ఆనలేదు.

బల్జాన్ పరుగున ఎదురొచ్చింది. "ఎక్కడికి పోయావు మావయ్యా? నీ కారు గుర్రానికి మేతెయ్యడానికా? నా వంతు వచ్చేసింది!"

"ఇంటికెళ్దాం పదవే. మీ నాన్న నిన్ను చూడాలంటున్నాడట."

"నాన్నా? నన్ను పంపించిందే ఆయన కదా! వెళ్ళి చూసి రా, తర్వాత మాట్లాడదాం అన్నాడు. ఆ మాట్లాడటం కోసమే కదా నేను చచ్చేది." అమ్మాయి గొంతు తగ్గించింది. "ఇవాళ తీసినవి నచ్చితే వేసవి తరగతుల్లో చోటిస్తారట. చోటొచ్చిందని ఎదురుగా నిలబడి చెప్తే ఇంకేం కాదంటాడు? అప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలి నాకు."

ఎర్గలి జేబులోంచి కారు తాళాలు తీశాడు.

"దారి దూరం తల్లీ. ఇంకోసారి వద్దాంలే."

"ఇంకోసారంటే వచ్చే ఏడే. మావయ్యా, మేనకోడలి మాట కాదంటే చెయ్యి వణుకుతుంది, తెలుసుగా!"

మేనకోడలి మీద చెయ్యెత్తితే ఆ చెయ్యి జన్మంతా వణుకుతుందని మాత్రమే పెద్దలన్నారు. మాట కాదన్నా అదే శాస్తి అనేది బల్జాన్ సొంతంగా తగిలించుకున్న తోక. చిన్నప్పుడు ఎర్గలి గొర్రెపిల్లలనూ, ఒకసారి ఏకంగా అతని కొత్త టోపీనీ ఆ తోకతోనే లాక్కుపోయింది. అడిగిందల్లా ఇచ్చాడు. మేనమామ అన్నాక ఇవ్వాలి.

ఇప్పుడేం చెయ్యాలి? లాక్కుపోతే, రేపు అన్నీ తెలిశాక ఈ పిల్లకు తండ్రీ లేడు, చదువూ లేదు. ఉండనిస్తే, అక్కడ తండ్రి చాప మీద పడుకుని ఉండగా ఇక్కడ కూతురు కెమెరాతో ఆడుకుందని లోకం అంటుంది, ఆడనిచ్చింది మేనమామే అంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాళ్ళు మాత్రం బల్జాన్ వెనకే నడిచాయి.

గదిలో రబీగా మేడమ్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుని, కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న మనిషి. గోడవారన తమ వంతుల కోసం కొందరు పిల్లలు, వాళ్ళతో వచ్చిన పెద్దవాళ్ళు కూర్చున్నారు.

"నీతో వచ్చింది ఈయనేనా? రండి, ఈ కుర్చీలో కూర్చోండి. అమ్మాయ్, ఈయన మొహం తియ్యాలి. ఒక్క నిమిషం. నువ్వు మాట్లాడకూడదు, ఆయన్ని మాట్లాడించకూడదు, కెమెరా కదపకూడదు. మధ్యలో ఆపావంటే ఇంటికి పోవడమే."

"నా మొహమా?" ఎర్గలి అదిరిపడ్డాడు. "దానికంటే ఆ గోడ నయం కదమ్మా, దాన్ని తియ్యమనండి."

గదిలో అందరూ నవ్వారు. బల్జాన్ కూడా నవ్వింది.

"మొదలు," అంది రబీగా.

బల్జాన్ మొహం కెమెరా వెనక దాక్కుంది. కిటికీ లోంచి ఎండ ఎర్గలి ఎడమ చెంప మీద పడుతోంది. మేనకోడలి కన్ను ఆ నల్లటి గాజు వెనక ఎక్కడో ఉండి తననే చూస్తోంది, రెప్ప కూడా వెయ్యకుండా.

వేరే సంగతి ఆలోచించాలనుకున్నాడు. కారు బ్రేకులు అరుస్తున్నాయి, చూపించాలి. ఎర్ర గుర్రం ఈ వారంలో ఈనుతుంది. ఈనేటప్పుడు పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. ఏటా బావ వచ్చేవాడు. వచ్చి పని తక్కువ, వేళాకోళం ఎక్కువ. గుర్రం కంటే నువ్వే ఎక్కువ మూలుగుతున్నావురా బావమరిదీ అనేవాడు. పోయిన వారం ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా, నేను లేవగానే నీ వీపు విమానం మోత మోగిస్తా, నా పిల్లకు ఈ సినిమా పిచ్చి ఎక్కించింది నువ్వే అన్నాడు. అని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

బ్రేకులు, బ్రేకులు అనుకున్నాడు ఎర్గలి. దవడలు బిగించాడు. పళ్ళు కరకరమన్నాయి. నిమిషం ఇంత పొడుగని ఎవరూ చెప్పలేదే.

తరవాత జరిగింది అతను చెయ్యాలని చేసింది కాదు. పెదాలు వాటంతటవే కదిలాయి. చిన్నప్పటి నుంచి, ఎవరు పోయినా, ఏ స్మశానం పక్కగా వెళ్ళినా చదివే ప్రార్థన చప్పుడు లేకుండా నడిచిపోయింది. అది అయ్యాక అరచేతులు పైకి లేచాయి, మొహం మీదుగా కిందికి జారాయి. గడ్డం దాకా వచ్చాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు. నెత్తిన పిడుగు పడ్డట్టు కొయ్యబారిపోయాడు.

గోడవారన మనవడితో వచ్చిన ముసలాయన ఒకడు అది చూసి అలవాటుగా తన అరచేతులూ ఎత్తాడు. ఎత్తి, ఎవరి కోసమో తెలియక, సగంలో ఆపి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కెమెరా కదల్లేదు.

"చాలు," అంది రబీగా. ఆమె గొంతు మారింది.

బల్జాన్ కెమెరా వెనక నుంచి ఇవతలికి వచ్చింది. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. రబీగా ఇద్దరినీ తలుపు బయటికి తీసుకెళ్ళింది.

"ఏ ఊరు మీది?"

"ఉష్తోబె," అన్నాడు ఎర్గలి.

"మరి ఇంకా ఇక్కడే ఉన్నారేం?" అంది మెల్లగా. ఆమెకూ తెలిసిపోయింది. ఆమె కూడా ఆ మాట అనదు. "నేనేమీ అడగను. ఒక్కటి మాత్రం చెప్పండి. మధ్యాహ్నం అందరు పిల్లలవీ తెర మీద వేస్తాం, చూసి చోటు ఎవరికో తేలుస్తాం. దీన్ని వెయ్యనా, చెరిపెయ్యనా? చెరిపేస్తే ఈ ఏటికి అమ్మాయి సంగతి అంతే."

"చెరిపెయ్యండి," అంది బల్జాన్ వెంటనే.

ఎర్గలి ఆమె వైపు చూశాడు. ఆ తెర ముందు ఉష్తోబె వైపు వాళ్ళు ఒక్కరున్నా చాలు, పెద్దలకంటే ముందు మేనమామే కబురు బయటపెట్టాడని రేపటికల్లా ఊరంతా గుప్పుమంటుంది. కల్మురాత్ నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడు. తప్పు కూడా తనదే.

"వెయ్యండి," అన్నాడు.

"మావయ్యా, వద్దు!"

"నోర్ముయ్యి. మొహం నాది. దాని సంగతి నేను చెప్తా." ఆ పిల్లతో అంత కటువుగా మాట్లాడటం అతనికి అదే మొదటిసారి.

రబీగా తలూపింది. ఇంకేమీ అనకుండా బల్జాన్ తల మీద చెయ్యి వేసి, తీసి, లోపలికి వెళ్ళిపోయింది.

కారు నగరం దాటింది. కప్చగాయ్ జలాశయం కుడి పక్కన మెరుస్తూ వచ్చి వెనక్కి పోయింది. బ్రేకులు అరిచాయి. తెలిసిందా, తెలియలేదా? అడిగితే చెప్పినట్టే. అడక్కపోతే ఊపిరాడటం లేదు. ఎర్గలి స్టీరింగ్‌ను పీక నొక్కుతున్నట్టు పట్టుకున్నాడు.

"పెద్దనాన్న చెప్తాడు కదా?" అంది బల్జాన్ కిటికీ వైపే చూస్తూ.

"చెప్తాడు."

"అయితే నువ్వు చెప్పకు. నిన్నెవరూ ఒక మాట అనకూడదు. ఆయన చెప్పేదాకా నాకేమీ తెలీదు."

అంది గానీ ఆపుకోలేకపోయింది. మోకాళ్ళ మీదికి వంగిపోయి ఏడ్చింది. ఎర్గలి కళ్ళకూ రోడ్డు కనపడటం మానేసింది. సరీ ఒజెక్ ఊరు దాటాక, స్టెప్పీ మైదానం గాలి కొడుతున్న చోట కారు పక్కకు ఆపి, వెనక నుంచి నీళ్ళ డబ్బా తీశాడు.

"దిగమ్మా. మొహం కడుక్కో. వాకిట్లో నిలబడి ఉంటారు వాళ్ళు. ఏడ్చిన మొహంతో దిగితే బాగోదు."

ఆమె దోసిలి పట్టింది. అతను పోశాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి గానీ మొహం దాకా వెళ్ళటం లేదు.

"నీ చేతులు లేచినప్పుడే తెలిసింది మావయ్యా," అంది. "కెమెరా వదిలేసి నీ దగ్గరికి పరిగెత్తాలనిపించింది. కానీ కిటికీ వెలుతురు నీ చెంప మీద ఎంత బాగా పడిందో. కదిపితే పోతుందనిపించింది. నాన్న పోయాడని తెలిసి కూడా నేను ఆపలేదు."

ఏ మాటను పెద్దలు దాచి ఉంచమన్నారో ఆ మాట ఆ పిల్ల నోటే వచ్చింది. ఆపకపోవడం తప్పని ఎర్గలి అనలేడు. కాదనీ అనలేడు.

"చేతులు పట్టు," అన్నాడు. ఇంకొంచెం నీళ్ళు పోశాడు.