కంపుగాళ్ల పిల్ల

గోడకి ఇవతల పుట్టినవాళ్లని అవతలివాళ్లు 'కంపుగాళ్లు' అంటారు. మా వాడలో గోడ దాటి చదువుకోనిచ్చింది నన్నొక్కదాన్నే. లాండ్రీలో అవతలివాళ్ల దుప్పట్లు ఉతికే అమ్మ, బడి మొదటిరోజు పొద్దున సబ్బు అరిగేదాకా నన్ను రుద్దింది.

క్లాసులో పెద్దమేడం నన్ను బల్ల పక్కన నిలబెట్టింది. "భయపడకండి, దగ్గరికొచ్చి వాసన చూడండి. మనలాగే ఉంది," అంది పిల్లలతో. వాళ్లు వరసగా వచ్చి నా మెడ దగ్గర ముక్కు పెట్టి పీల్చారు. ఒకడి ముక్కు తడితడిగా తగిలింది. ఒకమ్మాయి నవ్వుతూ, "అబ్బే, నువ్వు వాళ్లలా లేవు!" అని మెచ్చుకుంది.

"ఇక నా వంతు మేడం," అంటూ, కుర్చీలో కూర్చున్న ఆవిడ మెడ మీదికి వంగి గట్టిగా పీల్చాను. "సెంటు కింద చెమట. మా అమ్మ దగ్గరా ఇదే వాసన."

ఆవిడ మెడ తుడుచుకుంటూ నన్ను గెంటించేసింది. మధ్యాహ్నానికల్లా గోడకి ఇవతల ఉన్నాను.

జరిగింది విని లాండ్రీలో అమ్మ గుండెలు బాదుకుంది. "బంగారం లాంటి చదువు నేలపాలు చేశావు కదే! ఏమొచ్చింది నీకు?"

"డోకొచ్చిందమ్మా," అన్నాను. ఆమెకి ఎదురుగా నిలబడి, తడి దుప్పటి రెండో కొస పట్టుకుని పిండడం మొదలుపెట్టాను.