మా ఇంటి తనిఖీ

"గేటు ముందు ఇంకో గీత గియ్యమ్మాయ్, మీ ఆఫీసువాళ్లు మెచ్చుకుంటారు," అన్నారు మా అత్తగారు యేసమ్మ, వరండా కుర్చీలోంచి కదలకుండా.

ఏలూరులో ఏ ఇంటిముందైనా తెల్లగా బ్లీచింగ్ గీతలు కనిపించాయంటే అక్కడికి అధికారులు వస్తున్నారని అర్థం. ఆ రోజు మా వీధికి రావాల్సిన శానిటరీ ఇన్‌స్పెక్టర్ని నేనే. పదింటికి వచ్చి చూడబోయే గీతల్ని ఆరింటికి నేనే గీస్తున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మేడ మీద నాలుగు గదుల్లో మేం నడిపే హాస్టల్లో తొమ్మిదిమంది నర్సింగ్ చదివే అమ్మాయిలుంటారు. ఆడపిల్లలకు నీడనిచ్చాడని చర్చిలో పేరు మా ఆయన జేమ్స్‌ది. పొద్దున్నే వండి తొమ్మిది క్యారేజీలు సర్దే చేతులు మాత్రం నావి. కింద మేం కుళాయి నీళ్లు తాగుతాం, వాళ్లకు పెరట్లో నేలలోకి కట్టిన తొట్టి నీళ్లు. నిరుడు బాత్రూములు పెంచుతూ ఆ తొట్టికి నాలుగడుగుల్లో సెప్టిక్ ట్యాంకు తవ్వించారు. వద్దండీ అన్నాను. "నీ ఉద్యోగం ఆఫీసులో చెయ్యి, ఇంట్లో కాదు," అన్నారాయన. ఊరందరి ట్యాంకులూ కొలిచేదాన్ని, నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఈ వానాకాలం ముగ్గురికి పచ్చకామెర్లు వచ్చాయి. కొల్లేటి లంకలనుంచి వచ్చిన కుమారి మంచం మీంచి లేవలేకపోయింది. చేపల చెరువు పని మానుకుని వచ్చిన వాళ్లమ్మ మరిడమ్మ, మా అత్తగారికే చేతులు జోడించింది. "మా పిల్లవల్ల మీకు ఇబ్బందయిందండీ."

"ఊళ్లో ఏం తిని తెచ్చుకుందో! మా నీళ్లేం చేశాయి?" అన్నారావిడ.

కుమారి పసుపెక్కిన కళ్లతో నావైపు చూసింది. "తగ్గాక మళ్లీ ఇక్కడికే రావచ్చాండీ, మేడమ్?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మేడ మీద మిగిలినవాళ్లు ఇంకా ఆ నీళ్లే తాగుతున్నారు.

పదింటికి ఫారాలు పట్టుకుని మా గేటు తీశాను.

"మనింటికెందుకు స్నేహా? బాగుందని రాసేసి పక్కింటికెళ్లు," అన్నారు జేమ్స్ నవ్వుతూ. "వెళ్లేముందు కాస్త టీ పెట్టు."

టీ పెట్టలేదు. పెరట్లోకి వెళ్లి టేపు పరిచాను. తొట్టికీ ట్యాంకుకీ మధ్య నాలుగడుగులు అని రాశాను. ఈ నీళ్లు ఎవరూ తాగకూడదు అని రాశాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇంటి పరువు తీస్తావా? రేపు అమ్మ ముఖం ఎలా చూస్తావు?"

కలం ఆపలేదు. చివరి వరస మిగిలింది. వంట చేసే మనిషి పేరు, ఆ మనిషికి ఆరోగ్య పరీక్షలు చేయించారా, లేదా. ఎన్నో హాస్టళ్లలో ఆ ప్రశ్న అడిగాను. నీళ్లు నమిలిన యజమానుల్ని గట్టిగా మందలించాను కూడా.

పేరు దగ్గర స్నేహలత అని రాశాను. పక్కన, 'పన్నెండేళ్లుగా ఒక్కసారీ చేయించలేదు' అని రాసి, యజమాని సంతకం కోసం ఫారం మా ఆయన చేతికిచ్చాను.