ఇల్లు చేరని వెంట్రుక

పొద్దున లేస్తే ఆ ఇంట్లో దువ్వెనతో యుద్ధమే. అమ్మాయి జుట్టు మరీ సన్నం. నూనె రాస్తే నెత్తికి అతుక్కుపోతుంది, రాయకపోతే పిచ్చుక గూడు. తల్లి పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని ఒక్కొక్కటే గుచ్చుతూ, "కదలకే. నువ్వైనా చెప్పిన మాట వింటావనుకున్నాను" అని విసుక్కునేది. ఇంత చేసినా వీధి మలుపు తిరిగేలోపు ఏ వెంట్రుక దారి దానిదే.

ఊడిపోయిన వాటి గురించి మాత్రం తల్లికి దిగుల్లేదు. దుకాణంలో రాలినవి, బస్సు సీటుకి అంటుకున్నవి, ఎవరి భుజమో ఎక్కి ఊరంతా తిరిగినవి, అన్నీ సాయంత్రానికి ఇల్లు చేరేవి. వాటి కోసమే తలుపు కింద వేలెడు సందు వదిలించారు. కింది వాటా పిన్నిగారు మెట్ల మీద వాటిని చూసి, "మీ అమ్మాయివి వస్తున్నాయి" అని పైకి కేకేసేది. ఒకసారి అమ్మాయి విసుగెత్తి జడ కత్తిరించి విగ్గులవాడికి ఇచ్చేస్తే, దీపాలు పెట్టే వేళకి విగ్గు గుమ్మంలో ఉంది. దాన్ని కొనుక్కున్న పెద్దమనిషి బట్టతలతో వెనకే వచ్చి, ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆఖరి వెంట్రుక వచ్చేదాకా తక్కినవి ఒక పట్టాన కుదురుగా ఉండవు. నిక్కబొడుచుకుని దానికోసం చూస్తుంటాయి. అది కూడా వచ్చి తన చోట కూర్చుందంటే జుట్టంతా చక్కగా జారి ఒదిగిపోతుంది.

అమ్మాయి పని చేసేది కోట్లు కుట్టే దుకాణంలో. కాలర్లు ఆమెవి. కుట్టు మూసేముందు లైనింగుని తడిగుడ్డతో తుడవాలని మాస్టరు ఒక నియమం పెట్టాడు. ఆమె ఒక్కతి కోసమే పెట్టాడు.

ఆ చలికాలం గడియారాల మెకానిక్ ఒకడు కోటు కుట్టించుకోవడానికి వచ్చాడు. దూరాన రేవుపట్నంలో పెద్ద గడియారాలు బాగుచేసే పని దొరికింది, వెళ్తే రెండేళ్ళదాకా రాడు. మొదటి ట్రయల్‌కే కోటు అతికినట్టు సరిపోయింది. అయినా భుజం పట్టేస్తోందని మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ వచ్చాడు.

"ఈయన భుజం వారం వారం పెరుగుతున్నట్టుంది" అన్నాడు మాస్టరు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

అతని మెడకి టేపు వేసినప్పుడల్లా ఆమె వేళ్ళు చల్లబడేవి. వెళ్ళొద్దండీ అన్న మాట గొంతుదాకా వచ్చేది, పెదవి దాటేది కాదు. ఆమెకి అతనంటే ఇష్టం. అతనికి తప్ప అందరికీ తెలుసు.

అతని రైలు సాయంత్రం. ఆ మధ్యాహ్నం కాలరు మూస్తుంటే ఆమె కళ్ళు మసకబారాయి. తడిగుడ్డ సంగతే మరచిపోయింది. అతను కోటు తొడుక్కుని, బాగుందని చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి, మరోసారి బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక తల్లి దువ్వెన పట్టుకుంది. వెంట్రుకలు ఒకటొకటిగా తలుపు కింద నుంచి వచ్చి చేరాయి. అయినా జుట్టు లొంగలేదు. మొత్తం లేచి కిటికీ వైపు వాలింది.

"ఒకటి రాలేదే. ఎక్కడ పారేసుకొచ్చావు?"

కిటికీ బయట స్టేషన్ దీపాలు. అమ్మాయి చటుక్కున లేచింది.

"అమ్మా, కోటు."

"ఎవరి కోటు?"

"ఆయనదే. కాలర్లో ఉండిపోయింది."

తల్లి దువ్వెన పక్కన పెట్టేసింది. అమ్మాయి బ్లేడు తీసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయింది. ఎడమ చెప్పు కుడికాలికి, కుడిది ఎక్కడుందో తెలీదు. ఇంతలో కింది నుంచి పిన్నిగారి కేక వినబడింది.

"అమ్మాయ్, ఈసారి నీది మనిషితో సహా వస్తోంది. తలుపు బార్లా తీయండి."

అతను మెట్లెక్కి వచ్చాడు. కాలరు ఎవరో పట్టుకుని ఈడుస్తున్నట్టు ముందుకి సాగి ఉంది. చేతిలో పెట్టె, మొహమంతా చెమట.

"ఏమనుకోకండి. రైలెక్కి కూర్చున్నాను. కోటు ఉండనివ్వలేదు" అన్నాడు.

"తప్పు నాదేనండీ. ఇలా కూర్చోండి, తీసేస్తాను."

తల్లి అతని వెనక నిలబడి, తీయొద్దు అని కళ్ళతోనే చెప్పింది. అమ్మాయికీ ఆశ పుట్టింది, పుట్టలేదంటే అబద్ధం. ఊరుకుంటే చాలు, ప్రతి సాయంత్రం అతను ఈ గుమ్మంలో ఉంటాడు. కానీ కాలరు పట్టి లాక్కొచ్చిన మనిషిని కూర్చోబెట్టుకుని ఏం సంతోషపడతాం? బ్లేడుతో కుట్టు విప్పింది. వెంట్రుక బయటికి జారి, గాల్లో ఒక చుట్టు తిరిగి, ఆమె చెవి పైన తన చోటు చూసుకుంది. జుట్టంతా ఒక్కసారిగా ఒదిగిపోయింది. ఆమె విప్పిన చోట నాలుగు టాకాలు వేసి దారం కొరికింది.

"ఇంక లాగదు. పరుగెత్తితే రైలు అందుతుంది."

అతను ఏదో అనబోయాడు. "సరేనండీ" అన్నాడు. పెట్టె తీసుకుని మెట్లు దిగాడు.

ఆమె అద్దం ముందు నిలబడింది. ఆ జుట్టు అంత అందంగా ఎప్పుడూ నిలవలేదు. ఏడుపొచ్చింది.

"ఇదేమిటయ్యా, తడిబట్టల మధ్య కొత్త కోటు ఆరేస్తున్నావు?" కింద పిన్నిగారి గొంతు. ఆ వెంటనే మెట్ల మీద అడుగులు, రెండేసి మెట్లు ఒక్కసారే ఎక్కుతున్న అడుగులు.

ఉత్త చొక్కాతో, చలికి వణుకుతూ అతను గుమ్మంలోకి వచ్చాడు.

"కోటు కింద తీగ మీద వేసి వచ్చాను. ఈసారి కూడా అదే లాక్కొచ్చిందని మీరు అనుకోకూడదు కదా."

దూరంగా రైలు కూత పెట్టింది. అతను అటు తిరిగైనా చూడలేదు.

"ఇంకో సంగతి. ఆ భుజం ఎప్పుడూ పట్టెయ్యలేదండీ" అన్నాడు.