ఎడమపక్క బావ

మా తమ్ముడు డెల్ఫిన్, నా మొగుడు సెవెరినో కొట్టుకుంది ఒక ముడి కోసం. డెల్ఫిన్ పందెంపుంజుల కాళ్ళకి కత్తులు కట్టేవాడు. సెవెరినో పుంజుని పట్టి బరిలో వదిలేవాడు. నెగ్రోస్ దీవి చెరుకు ఊళ్ళన్నిట్లో ఆ జోడీకి తిరుగులేదని పేరు. ఒక ఆదివారం కత్తి జారి పుంజు చచ్చింది. నువ్వు సరిగ్గా కట్టలేదని ఒకడు, నువ్వు సరిగ్గా పట్టలేదని ఇంకొకడు, నా వంటింటి గుమ్మంలోనే కలబడ్డారు.

డెల్ఫిన్ కుడిచేత్తో ఇనప గొట్టం ఎత్తి, ఎదురుగా ఉన్న మా ఆయన తలకి ఎడమపక్క దించాడు. మా ఆయనది ఎడమచేతి వాటం. నా రోకలే అందుకుని వాడి తలకి కుడిపక్క దించాడు. ఆ రెండు చప్పుళ్ళూ నాకు ఇప్పటికీ వేరువేరుగా వినిపిస్తాయి. రోకలికి జుట్టు అంటుకుని వచ్చింది. ఇద్దరినీ ఒకే ట్రైసికిల్ బండిలో పడేసి, దారి పొడుగునా తిట్టుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

“మాట అనేది బుర్రలో ఎడమ సగం పని. మీ ఆయనకి దెబ్బ అక్కడ తగిలింది,” అంది డాక్టరమ్మ. “చుట్టూ ఏముందో కనిపెట్టుకుని ఉండేది కుడి సగం. మీ తమ్ముడికి అది పోయింది. కళ్ళూ చెవులూ బాగానే ఉన్నాయి. ఎడమవైపు అంటూ ఒకటుందన్న సంగతే అతనికి తట్టదు.”

“అంటే ఇద్దరూ కలిసి ఒక్క బుర్ర మిగుల్చుకున్నారన్నమాట,” అన్నాను. ఆవిడ నవ్వలేదు.

సెవెరినో నోట్లో మిగిలింది ఒక్క తిట్టు. నీళ్ళు కావాలన్నా “నీ యబ్బ”, ఆకలేసినా “నీ యబ్బ”. తిట్లూ పాటలూ కుడి సగంలోనూ కొన్ని దాగి ఉంటాయట. చర్చిలో పాట మొత్తం పాడేవాడు, గుమ్మం దాటితే మళ్ళీ నీ యబ్బే. డెల్ఫిన్‌కి మాటల కరువు లేదు. గడ్డం మాత్రం కుడిపక్కే గీసుకునేవాడు. కంచంలో కుడిపక్క అన్నం తినేసి, “ఏంటక్కా, మరీ ఇంత పిసినారివైపోయావ్?” అనేవాడు. నేను కంచం తిప్పేదాన్ని. “ఆ, ఇప్పుడు పెట్టావ్!” అని మిగతాది తినేవాడు.

నేను తట్టుకోలేకపోయింది మాత్రం ఇంకోదాన్ని. సెవెరినో రోజూ డెల్ఫిన్‌కి ఎడమపక్కన వచ్చి కూర్చునేవాడు. క్షమించమని అడగడానికి మాట లేదు, ఎదురుగా వెళ్ళి ముఖం చూపించే ధైర్యం అంతకన్నా లేదు. నేను లాగినా కదిలేవాడు కాదు.

“బావకి ఇంకా కోపం తగ్గలేదా అక్కా? ఎనిమిది నెలలైంది, ఒక్కసారీ నా కంటపడలేదు,” అనేవాడు డెల్ఫిన్.

“నీ పక్కనే ఉన్నాడ్రా!”

“ఊరికే ఓదార్చకు,” అని ముఖం కుడివైపుకి తిప్పుకునేవాడు. నేను కంచాలు తిప్పుతూ కూర్చున్నాను గానీ, ఆ తల పట్టుకుని తిప్పాలని నాకు తోచలేదు. నా తెలివి తగలెయ్య.

ఒక ఆదివారం కత్తులు కట్టేవాడు దొరక్క, బరి వాళ్ళు డెల్ఫిన్ కోసం వచ్చారు. వద్దని మొత్తుకున్నాను.

“కత్తి కట్టేది ఎడమ కాలికే కదా, పుంజుని నాకు ఎదురుగా పట్టుకుంటే ఆ కాలు నా కుడిపక్కకే వస్తుంది. నాకేం ఇబ్బంది?” అన్నాడు.

“ఆ కాలు పట్టుకునేది నీ ఎడమ చెయ్యి కదరా!”

“ఏ చెయ్యి?” అన్నాడు వాడు, నిజంగానే.

వెనకే నేనూ మా ఆయనా బరికి వెళ్ళాం. ముడి మాత్రం బ్రహ్మాండంగా వేశాడు. కత్తికి ఒర తీశాడు. పందేల అరుపులతో చెవులు పగిలిపోతున్నాయి. పుంజు ఒక్కసారి తన్నుకుంది. కత్తి వాడి ఎడమ ముంజేతిని మణికట్టు నుంచి మోచేతిదాకా చీల్చేసింది. వాడు నవ్వుతూనే ఉన్నాడు. “ఎవరిదిరా ఈ రక్తం? పుంజుకి అప్పుడే తగిలిందా?”

ఎప్పటిలాగే వాడి ఎడమపక్కన, కంచె ఇవతల కూర్చున్న సెవెరినో అందరికన్నా ముందు చూశాడు. “నీ యబ్బ! నీ యబ్బ!” అని అరుస్తూ కంచె దూకాడు. పాత కక్ష తీర్చుకోడానికి వచ్చాడనుకున్నారు అందరూ. నలుగురు మీదపడి కుమ్మేశారు. ఒకడు బూటుకాలితో నోటి మీద తన్నితే పళ్ళు రాలాయి. అయినా పాక్కుంటూ వెళ్ళి, ఆ చీలిన చేతిని బిగించి పట్టుకున్నాడు.

డెల్ఫిన్‌కి మనిషి కనపడలేదు. ఎవడో తనని లాగుతున్నాడని మాత్రం తెలిసింది. కుడిపక్కనున్న కత్తుల పెట్టెలోంచి ఇంకో కత్తి తీసి, అటు చూడకుండానే పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. మా ఆయన వదల్లేదు. మూడో పోటు డొక్కలో దిగింది. అప్పటికి నేను జనాన్ని తోసుకుని చేరగలిగాను. డెల్ఫిన్ గడ్డం రెండు చేతులతో పట్టుకుని, కంచం తిప్పినట్టే తల ఎడమవైపుకి తిప్పాను.

ముందు చెయ్యి చూశాడు. దాన్ని నొక్కి పట్టుకున్న వేళ్ళు చూశాడు. తర్వాత ముఖం చూశాడు. కత్తి కిందపడింది.

“బావా! ఎప్పుడొచ్చావ్?”

“నీ యబ్బ,” అన్నాడు సెవెరినో. ఆ మాట అంత మెల్లగా అనగా నేనెప్పుడూ వినలేదు.

డెల్ఫిన్ బతికాడు. అంత గట్టిగా నొక్కి పట్టబట్టే బతికాడంది డాక్టరమ్మ. మా ఆయన ప్రాణం దారిలోనే పోయింది. ఆసుపత్రిలో వాడి చేతి నుంచి ఆ వేళ్ళు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.